మాట ఇచ్చిన దేశాలు, డబ్బు ఇవ్వాల్సిన దేశాలు

(తిరుపతిలో డిగ్రీ, పీజీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే.

2021 నవంబరు 13న గ్లాస్గోలో 26వ వాతావరణ సదస్సు ముగిసింది. 2070 నాటికి నెట్ జీరోకు చేరతామని, అంటే గాలిలోకి ఎంత వదులుతామో అంత వెనక్కి తీసుకునే స్థితికి వస్తామని, మన ప్రధాని ఆ వేదిక మీదే ప్రకటించారు. సదస్సు ముగిసి వారం కాలేదు, 18వ తేదీన తిరుపతి మీద ఎలాంటి వాన పడిందో ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కపిలతీర్థం దగ్గర నీళ్ళు విరుచుకుపడ్డాయి. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. స్వర్ణముఖి ఒడ్డున ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడింది. శ్రీకృష్ణదేవరాయల కాలంనాటిదని మనవాళ్ళు చెప్పుకునే చెరువు అది. కట్ట తెగితే కింది ఊళ్ళు మిగలవని పల్లెలు ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేసి, రాత్రింబవళ్ళు కాపలా కాశారు.

ఒక్క వానను పట్టుకుని ఇదంతా భూతాపం వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందన్నది ఫిజిక్స్. కురిసేటప్పుడు ఆ తేమంతా ఒక్కసారిగా దిగుతుంది. మన చెరువు కట్టలు, కలుజులు పాత వానల లెక్కతో కట్టినవి. వాటిని కొత్త వానలకు తగ్గట్టు బలపరచాలంటే డబ్బు కావాలి. గ్లాస్గోలో మాటలిచ్చిన దేశాల్లో చాలావాటి పరిస్థితి ఇదే. ఒక చేత్తో బొగ్గు తగ్గించాలి, రెండో చేత్తో కట్ట కాపాడుకోవాలి. రెండిటికీ ఖజానా ఒక్కటే.

ఈ పరిస్థితిలో బయటి నుంచి రావాల్సిన సాయాన్ని దయ అని పిలవకూడదన్నది నా వాదన. అది ఒప్పందంలో రాసుకున్న బాకీ. ఈ రోజు మీకు చెప్పదలుచుకున్నది ఇదే.

1992లో రియోలో సంతకాలైన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడికలో నాలుగో అధికరణం, ఏడో పేరా ఉంది. లా చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇంటికెళ్ళి తప్పకుండా చూడండి. అభివృద్ధి చెందుతున్న దేశాలు తమ బాధ్యతలను ఎంతవరకు నెరవేర్చగలవన్నది, అభివృద్ధి చెందిన దేశాలు డబ్బు, టెక్నాలజీ విషయంలో తమ బాధ్యతలను ఎంతవరకు నెరవేరుస్తాయన్న దాని మీద ఆధారపడి ఉంటుందని అందులో స్పష్టంగా ఉంది. అదే ఒడంబడికలో ఇంకో సూత్రం, బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ సమానం కాదు అని. మన చెరువుల కింద పూర్వం నడిచిన పద్ధతి ఇలాంటిదే. వానలకు ముందు ఆయకట్టు రైతులంతా కలిసి పూడిక తీసేవాళ్ళు, కట్టకు మట్టి పోసేవాళ్ళు. పది ఎకరాలకు నీళ్ళు పారించుకునేవాడు, అరెకరం వాడు ఒకే పని చేయాలని ఎవరూ అనలేదు. ఎవరు ఎంత నీరు వాడుకుంటే వాళ్ళు అంతమంది కూలీలను, అన్ని జతల ఎద్దులను పంపాలి. ఇప్పుడు లెక్క చూడండి. భారతదేశంలో సగటు మనిషి వల్ల ఏడాదికి గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు. అమెరికాలో అది 14 టన్నుల దాకా ఉంటుంది. ఇది ఈనాటి లెక్క మాత్రమే. రెండు వందల ఏళ్ళుగా గాలిలో పేరుకుపోయినదాన్ని కలిపితే తేడా ఇంకా పెద్దది.

2015లో పారిస్ ఒప్పందం వచ్చింది. అప్పటి నుంచి ప్రతి దేశమూ ఐదేళ్ళకోసారి తన లక్ష్యాల పత్రం ఇస్తోంది. పేపర్లలో ఎన్‌డీసీ అని చూస్తుంటారు, అది ఇదే. పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో రాసుకున్నది సాధించకపోతే మాత్రం జరిమానా లేదు, శిక్ష లేదు. ఇది ఒప్పందం బలహీనత అని చాలామంది అంటారు. అది నిజమే, కానీ ఇలా కాకపోతే దాదాపు 200 దేశాలు సంతకం పెట్టేవి కావు.

మన పత్రంలో ఏముంది? 2022 ఆగస్టులో సవరించిన దాని ప్రకారం, 2030 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గించాలి. కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాకుండా వేరే వనరుల నుంచి రావాలి. రెండోది 2025 జూన్‌కే, ఐదేళ్ళు ముందే సాధించాం. మనం గర్వపడాల్సిన విషయం ఇది. అయితే సామర్థ్యం వేరు, వచ్చే కరెంటు వేరు. సోలార్ ప్యానెల్ సాయంత్రం ఆరుకు పని ఆపేస్తుంది, బొగ్గు ప్లాంటు రాత్రంతా తిరుగుతుంది. అందుకే మన ఇళ్ళకు వచ్చే కరెంటులో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. పగటి సోలార్‌ను రాత్రికి దాచుకోవాలంటే బ్యాటరీలు కావాలి, కొండమీదికి నీళ్ళు ఎక్కించి దించే ప్రాజెక్టులు కావాలి, కొత్త లైన్లు కావాలి. సామర్థ్యంలో సగం అన్న లక్ష్యం గురించి ఆ పత్రంలో రాసిన వాక్యంలోనే, టెక్నాలజీ బదిలీ, తక్కువ వడ్డీకి అంతర్జాతీయ నిధుల సాయంతో అని ఉంది. పేపర్లు ఆ సగం వాక్యాన్ని వదిలేసి శాతాలు మాత్రం వేశాయి.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు ఒక మాట ఇచ్చాయి. 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని. అది నెరవేరింది 2022లో, రెండేళ్ళు ఆలస్యంగా. ధనిక దేశాల సంస్థ ఓఈసీడీ వేసిన లెక్క ప్రకారం ఆ ఏడాది వచ్చింది 11,590 కోట్ల డాలర్లు. మాట నిలబెట్టుకున్నట్టే కదా అనిపిస్తుంది. లోపలికి వెళ్ళి చూస్తే, అందులో ప్రభుత్వాల నుంచి, ప్రభుత్వ బ్యాంకుల నుంచి వచ్చిన సొమ్ములో సుమారు 70 శాతం అప్పు. తిరిగి కట్టాలి, వడ్డీతో కట్టాలి, చాలాసార్లు డాలర్లలోనో యూరోల్లోనో కట్టాలి. 2009లో డాలరుకు 48 రూపాయల దగ్గర ఉండేది, 2025లో 85 దాటింది. అప్పట్లో తీసుకున్న డాలరు అప్పు వడ్డీ లేకుండానే రూపాయల్లో ఎంత పెరిగిందో కామర్స్ పిల్లలు ఇక్కడే కూర్చుని లెక్కేయొచ్చు.

దక్షిణాఫ్రికా సంగతి వినండి. ఆ దేశపు కరెంటులో 80 శాతానికి పైగా బొగ్గుదే. 2021లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, యూరోపియన్ యూనియన్ కలిసి, బొగ్గు నుంచి బయటపడటానికి 850 కోట్ల డాలర్లు ఇస్తామని ముందుకొచ్చాయి. గనులు, ప్లాంట్ల మీద బతికే కార్మికులను కూడా చూసుకుంటామన్నారు. చాలా మంచి ఆలోచన. నేనూ అప్పట్లో ఎంతో ఆశపడ్డాను. తర్వాత ప్రణాళిక బయటికొస్తే, అందులో తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు సుమారు 4 శాతం. మిగతాదంతా దాదాపు రుణాలు, గ్యారంటీలు. బొగ్గు ప్లాంటు మూసేస్తే ఉద్యోగం పోయే మనిషికి కొత్త పని నేర్పించాలి, అందాకా కుటుంబం గడవాలి. ఆ ఖర్చు మీద రాబడి ఏమీ రాదు. దానికి అప్పు ఇచ్చి ఏం ప్రయోజనం? 2025లో అమెరికా ఆ ఏర్పాటు నుంచి తప్పుకుంది కూడా.

మన దగ్గరికి వద్దాం. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వేసవిలోనే, వానలు పడకముందే, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతున్నారు. కందులు, అలసందలు, సజ్జలు, నువ్వులు, ఇలా రకరకాల విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి ఆరబెట్టి వేస్తారు. ఏ కాస్త చినుకు పడినా, రాత్రిపూట మంచు దిగినా ఆ పూత తేమను పట్టి ఉంచుతుంది. చెనక్కాయ పంట వేసేలోపు నేల మీద పచ్చదనం పరుచుకుంటుంది, మట్టిలో కర్బనం పెరుగుతుంది, ఎండ నేరుగా నేలను కాల్చదు. గాలిలోని కార్బన్‌ను తగ్గించడం, కరువును తట్టుకోవడం రెండూ ఒకే పనిలో జరిగిపోతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్ వాళ్ళిచ్చే గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకుంది. ఈ కార్యక్రమానికి నిధులిచ్చిన వాటిలో జర్మనీ ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఒకటి. అదీ రుణమే. ఇచ్చినందుకు మనం కృతజ్ఞతగానే ఉండాలి, పని మంచిది, వడ్డీ మార్కెట్ కంటే తక్కువ. కానీ ఒక బక్క రైతు తన పొలంలో ప్రపంచం కోసం కార్బన్ దాచిపెడుతుంటే, దాని ఖర్చును మనం అప్పుగా తీర్చాలి. ఇది నాకు న్యాయంగా కనిపించదు.

అప్పులే వద్దని నేను అనడం లేదు. సోలార్ ప్లాంటు కరెంటు అమ్ముకుని వాయిదాలు కట్టగలదు, దానికి అప్పు సరిపోతుంది, వడ్డీ తగ్గిస్తే చాలు. చెరువు కట్ట బలపరిస్తే దేన్ని అమ్మి వాయిదా కట్టాలి? తుఫాను షెల్టరుకు, ముందస్తు హెచ్చరికల వ్యవస్థకు రాబడి ఎక్కడి నుంచి వస్తుంది? వీటికి గ్రాంటే ఇవ్వాలి. కానీ వస్తున్న నిధుల్లో ఎక్కువ భాగం ఉద్గారాల తగ్గింపుకే పోతోంది. తట్టుకునే పనులకు దక్కేది తక్కువ.

2024 నవంబరులో బాకు వాతావరణ సదస్సులో ధనిక దేశాలు ఇవ్వాల్సిన సాయానికి కొత్త లెక్క ఖరారైంది. 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు. అభివృద్ధి చెందుతున్న దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. సభాధ్యక్షుడు సుత్తి కొట్టి తీర్మానం ఆమోదం పొందిందని ప్రకటించాక, మన దేశ ప్రతినిధి చాందినీ రైనా లేచి దీన్ని అంగీకరించం, ఇది కంటికి కనిపించే భ్రమ తప్ప మరేమీ కాదు అని చెప్పారు. ముందు మాట్లాడటానికి అవకాశం ఇవ్వలేదని కూడా అన్నారు. ఆ ప్రసంగం చూసినప్పుడు నాకు కడుపు నిండినట్టయింది. ఒక మాట మాత్రం చేర్చాలి. ఆ 30 వేల కోట్లలోనూ ఎంత గ్రాంటు, ఎంత అప్పు అన్నది తీర్మానంలో కచ్చితంగా రాసుకోలేదు.

ఇందాక ముందు వరసలో ఒక అమ్మాయి చీటీ పంపింది. ‘ఇన్ని దేశాలు కలిసి ఎప్పుడైనా ఒక పని పూర్తి చేశాయా సార్?’ అని. చేశాయమ్మా. దాని ఆనవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నాయి.

శ్రీసిటీలో ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. మీలో కొందరి అన్నలూ అక్కలూ అక్కడ పనిచేస్తూ ఉండొచ్చు. ఏసీలోని గ్యాసు చరిత్ర తెలుసుకోవాలి. పాత ఫ్రిజ్‌లు, ఏసీల్లోని సీఎఫ్‌సీ గ్యాసులు ఓజోన్ పొరను తినేస్తున్నాయని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకున్నారు. మన దేశం, చైనా వెంటనే చేరలేదు. మా దగ్గర ఇప్పుడిప్పుడే జనం ఫ్రిజ్ కొనుక్కుంటున్నారు, ఖరీదైన కొత్త గ్యాసు మా నెత్తిన పెడితే ఎలా, మారడానికయ్యే ఖర్చు ఎవరిస్తారు అని అడిగాయి. 1990లో లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ వాదన గట్టిగా వినిపించారు. ఫలితంగా బహుళపక్ష నిధి ఏర్పడింది. ఫ్యాక్టరీ పాత గ్యాసు నుంచి కొత్త గ్యాసుకు మారితే అదనంగా అయ్యే ఖర్చును, ముందే ఒప్పుకున్న లెక్క ప్రకారం, గ్రాంటుగా ఇస్తారు. ఆ నిధిని నడిపే కమిటీలో 14 దేశాలు. ఏడు ధనిక దేశాలు, ఏడు మనలాంటివి. డబ్బిచ్చేవాడి మాటే చెల్లుబాటు కావడం అక్కడ కుదరదు. 1992లో మనం చేరాం. 2010 నాటికి సీఎఫ్‌సీల వాడకం ఆపేశాం. చేరని దేశాలతో ఆ సరుకుల వ్యాపారం చేయకూడదన్న నిబంధన కూడా ఆ ఒప్పందంలో ఉంది. డబ్బు ఇస్తారు, పక్కన గడువు పెడతారు, ఎగ్గొడితే వ్యాపారం పోతుంది. చివరికి ప్రపంచంలో ప్రతి దేశమూ అందులో చేరింది. ప్రపంచంలో చాలాచోట్ల 2040 ప్రాంతానికి ఓజోన్ పొర 1980 నాటి స్థాయికి వస్తుందని, అంటార్కిటికా మీద 2066 దాకా పడుతుందని శాస్త్రవేత్తల అంచనా.

కథ అక్కడితో అయిపోలేదు. సీఎఫ్‌సీల తర్వాత వచ్చిన గ్యాసుల్లో హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌కు హాని చేయవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. ఆర్-410ఏ అనే గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు 2 వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 సుమారు 675 కిలోలతో సమానం. తిరుపతిలో మే నెలలో ఏసీ రిపేరు చూసినవాళ్ళకి తెలుసు. మెకానిక్ పైపు విప్పుతాడు, లోపల మిగిలిన గ్యాసు బుస్సుమని బయటికి పోతుంది, కొత్త గ్యాసు నింపి బిల్లు ఇస్తాడు. ఆ బుస్సుమన్న శబ్దం మన దేశపు ఉద్గారాల లెక్కలోనిదే. మెకానిక్‌ను తప్పుపట్టి లాభం లేదు. పాత గ్యాసును పట్టి నిలవచేసే మెషిన్ అతని దగ్గర ఉండదు, దానికి శిక్షణ కావాలి, తీసుకెళ్ళి ఇచ్చే చోటు కావాలి. మాంట్రియల్ నిధి డబ్బుతో మన దేశంలో ఏసీ మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చారు. అంతర్జాతీయ సహకారం అంటే పెద్ద హాళ్ళు, జెండాలు, చప్పట్లు గుర్తొస్తాయి. నా దృష్టిలో ఒక కుర్రాడికి గ్యాసు పట్టే మెషిన్ వాడటం నేర్పించడమే అసలైన సహకారం.

2016లో కిగాలీలో హెచ్‌ఎఫ్‌సీలను కూడా ఈ ఒప్పందం కిందికి తెచ్చారు. 2021లో మనం ఆమోదించాం. పారిస్ ఒప్పందానికి ఇలాంటి నిర్మాణం లేకపోవడమే దాని కష్టాలకు పెద్ద కారణమని నేను నమ్ముతాను. బొగ్గు, పెట్రోలు ఒక గ్యాసులాంటివి కావు, అవి మొత్తం ఆర్థిక వ్యవస్థకు ప్రాణం, అందుకని అచ్చం అలాగే చేయలేమన్నది ఒప్పుకుంటాను. కానీ సిమెంటు, ఉక్కు, ఎరువులు, ఇలా ఒక్కో రంగానికి మారే ఖర్చు ఎంతో ముందే లెక్కగట్టి, సగం సగం ఓట్లున్న కమిటీ చేతికి డబ్బు ఇచ్చి, గడువు పెట్టడానికి ఏం అడ్డం? బదులుగా యూరోపియన్ యూనియన్ 2026 నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల్లాంటి దిగుమతుల మీద కార్బన్ సుంకం మొదలుపెట్టింది. గడువు ఉంది, శిక్ష ఉంది, మారడానికి డబ్బు మాత్రం లేదు.

టెక్నాలజీ గురించి తొందరగా చెప్పి ముందుకెళ్తాను. తిరుమలలో 2002లో సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి వంట చేసే ఏర్పాటు పెట్టారు. వందకు పైగా పెద్ద పెద్ద అద్దాల పళ్ళేలు, రోజుకు సుమారు 15 వేల మందికి వంట చేయగల సామర్థ్యం. ఆ తరహా అద్దాలను రూపొందించిన వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే యూరప్ శాస్త్రవేత్త పేటెంట్ పట్టుకుని కూర్చోకుండా నమూనాను అందరికీ ఇచ్చేశారు. మన దేశంలోనే తయారుచేసుకోగలిగాం కాబట్టే కొండమీదికి వచ్చింది. పారిస్ ఒప్పందంలో టెక్నాలజీకి ఒక అధికరణమే ఉంది, పదోది. ఆచరణలో పేటెంట్ల దగ్గరికొచ్చేసరికి చర్చ ఆగిపోతుంది.

మాట నిలబెట్టుకున్నామా లేదా అన్నది కొలవాలి కదా. చాలా చిన్న దేశాల్లో కొలిచే మనుషులే లేరు. లక్ష్యాల పత్రం రాయడానికి, ప్రాజెక్టులు తయారుచేయడానికి ఆ దేశాలకు తోడ్పడేందుకు 2016లో మరాకేష్‌లో ఎన్‌డీసీ పార్ట్‌నర్‌షిప్ మొదలైంది. అభివృద్ధి చెందుతున్న దేశాల వాతావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కు దరఖాస్తు నింపడమే పేద దేశానికి ఒక ప్రాజెక్టు అంత పని.

కొలిచే విద్యలో మాత్రం మన జిల్లా పేదది కాదు. చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ నేల దగ్గర నుంచి ఎంతో ఎత్తు దాకా గాలుల కదలికలను దశాబ్దాలుగా చూస్తోంది. బస్సులో ఆ బోర్డు ముందు నుంచి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉంటారు, అవకాశం దొరికితే ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి. ఇటు శ్రీహరికోట ఉంది. 2013లో సముద్రమట్టం కొలిచే సరళ్ ఉపగ్రహం అక్కడి నుంచి వెళ్ళింది. అందులో ప్రధాన పరికరం ఫ్రాన్స్‌ది, రాకెట్ మనది. 2025 జూలై 30న నైసార్ ఉపగ్రహం వెళ్ళింది. ఒక రాడార్ నాసాది, ఇంకోటి ఇస్రోది. 12 రోజులకోసారి భూమిలో దాదాపు అన్ని చోట్లనూ చూస్తుంది. మంచు ఎంత కరిగింది, అడవి ఎంత తగ్గింది, నేల ఎంత కుంగింది అన్నీ దాని కంట పడతాయి. ఆ సమాచారం అందరికీ ఉచితం. మాట తప్పిన దేశానికి జరిమానా లేకపోయినా, తప్పిందన్న సంగతి దాచుకోవడం ఇకమీదట కష్టం.

అమెరికా 2025 జనవరిలో పారిస్ ఒప్పందం నుంచి మళ్ళీ వైదొలుగుతున్నట్టు ప్రకటించింది. దానితో చాలామందికి నీరసం వచ్చింది. అదే ఏడాది జూలై 23న, నైసార్ ఎగరడానికి సరిగ్గా వారం ముందు, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడటం, అందుకోసం పరస్పరం సహకరించుకోవడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అంది. ఒప్పందంలో లేని దేశాలకు కూడా సంప్రదాయ అంతర్జాతీయ చట్టం కింద ఆ బాధ్యత ఉందని జడ్జీలంతా ఏకగ్రీవంగా చెప్పారు. ఇది సలహా మాత్రమే, పోలీసులు వచ్చి అమలు చేసేది కాదు. కానీ సాయం మా ఇష్టం, ఇస్తే ఇస్తాం లేకపోతే లేదు అనే వాదన ఇక కోర్టులో నిలబడటం కష్టం.

ఆ కేసు ఎక్కడ మొదలైందో చెప్పాలి. 2019లో పసిఫిక్ దీవుల్లోని యూనివర్సిటీలో లా చదివే 27 మంది విద్యార్థులు ఈ ప్రశ్నను అంతర్జాతీయ కోర్టుకు తీసుకెళ్ళాలని తమ ప్రభుత్వాలకు ఉత్తరాలు రాశారు. వనువాటు అనే చిన్న దేశం వాళ్ళ మాట విని ముందుకొచ్చింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రశ్నను కోర్టుకు పంపింది. అంతా కలిపి ఆరేళ్ళు పట్టింది. వాళ్ళలో చాలామంది అప్పటికి మీ వయసువాళ్ళే.

2028లో మన దేశం హెచ్‌ఎఫ్‌సీల వాడకాన్ని పెరగకుండా ఆపాలి. 2032 నుంచి తగ్గించాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు, మన ఊరి మెకానిక్‌లకు ఆ గడువు వర్తిస్తుంది. పారిస్ ఒప్పందం కింద అన్ని దేశాల పనినీ కలిపి చూసే రెండో లెక్కింపు కూడా 2028లోనే పూర్తవుతుంది. ఎవరు ఎంత తగ్గించారు, ఎవరు ఎంత డబ్బిచ్చారు అన్నది అప్పుడు బల్ల మీదికి వస్తుంది. ఆ డబ్బులో అప్పు ఎంత, గ్రాంటు ఎంత అని విడదీసి చూసే ఎకనామిక్స్ వాళ్ళు మనకు కావాలి. నాలుగో అధికరణం, ఏడో పేరా కంఠతా వచ్చిన లాయర్లు కావాలి. ఉపగ్రహం పంపిన బొమ్మను చదివే ఫిజిక్స్, జాగ్రఫీ వాళ్ళు కావాలి. ఇంకో అరగంట ఉంది, ప్రశ్నలు అడగండి. మైకు వెనక్కి పంపించండి, అక్కడి వాళ్ళతో మొదలుపెడదాం.